మూటగుడ్డ దులిపేదాకా

నేర్పుతానని బోర్డు పెట్టుకున్నవాడికి, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా వెర్రివాళ్ళలాగే కనిపిస్తారు. ఆదోనిలో సుధీర్ సారుకైతే మరీను. పత్తి వ్యాపారి కొడుకు. కింద నాన్నగారి విత్తనాల కొట్టు, పైన ఈయనగారి అద్దాల గది, గది ముందు మనిషి నిలువంత బోర్డు. బోర్డు మీద ఆయన పేరు, పేరు వెనక రెండు వరసల ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద చేతులు కట్టుకొని నవ్వుతున్న ఆయన ఫొటో. లోపల చూస్తే ఆరు కంప్యూటర్లు, అందులో రెండింటికి మౌస్ లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని పెద్దలు ఊరికే అనలేదు.

కమలమ్మ చెప్పులు మెట్ల దగ్గర విడిచి ఆ గదిలో అడుగు పెట్టగానే సుధీర్ ఫోన్లోంచి తలెత్తాడు.

“పిల్లల్ని చేర్పించడానికా ఆంటీ? వాళ్ళను పంపించండి, మాట్లాడతాను.”

“పిల్లోళ్ళు కాదు సార్. నేనే నేర్చుకోనీకి వచ్చినా. ఎమ్మిగనూరు నుంచి.”

సుధీర్ నవ్వాడు. సారు నవ్వాడు కాబట్టి ఎదురుగా కూర్చున్న కాలేజీ పిల్లలూ నవ్వారు. ఆంటీ అట, ఆంటీ! యాభై మూడేళ్ళు వచ్చిన కమలమ్మను ఎమ్మిగనూరులో అక్కా అంటారు, అమ్మా అంటారు, గిట్టనివాళ్ళు గయ్యాళి అని కూడా అంటారు. ఆంటీ అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాటకే ఆవిడ అతన్ని మనసులో కొలిచి, కొలతకు రాడని పక్కన పెట్టేసింది.

ఆవిడేమీ సరదాకు రాలేదు. ఎమ్మిగనూరు మార్కెట్ వెనక సందులో నలభై మగ్గాల చిన్న చేనేత సంఘం ఒకటుంది. నేతగాళ్ళు తెచ్చిన బట్టను కొలిచి రాసుకునే పని అక్కడ ఇరవై ఆరేళ్ళుగా కమలమ్మది. ఈ మధ్య ఆ సంఘానికి ఒక కంప్యూటర్ వచ్చింది. అది వచ్చిన మర్నాడే సెక్రటరీ గోవిందయ్యకు జ్ఞానోదయం కూడా వచ్చింది.

“సూడు కమలమ్మా, ఇంక పుస్తకాలు లేవు, అంతా కంప్యూటరే. మూడు నెలలు ఆదోనికి పోయి నేర్చుకొని సర్టిఫికెట్ తెచ్చుకో. తెస్తివా, ఆ కుర్చీ నీదే. తేకపోతివా, మా తమ్ముని కొడుకు దినేష్ కూర్చుంటాడు. నువ్వు లోపల గోడౌన్లో బట్టలు మడత పెట్టుకుంటా ఉండు,” అన్నాడు.

మడతలు పెట్టడం చిన్నతనమని కాదు ఆవిడ బాధ. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు రాస్తేనే నేతగాడు నేసినట్టు, రాయకపోతే నేయనట్టే. నెల్లాళ్ళు గుంటమగ్గంలో కాళ్ళాడించిన మనిషి కష్టం, దినేష్ లాంటివాడు ఫోన్ చూసుకుంటూ ఒక్క వరస మరిచిపోతే గాలికి పోతుంది. దినేష్ మరిచిపోతాడని ఆవిడకు అనుమానం కాదు, నమ్మకం. అందుకే రోజూ పొద్దున ఏడున్నర బస్సెక్కి, ఆదోనిలో దిగి, ఉగ్గాని బజ్జీ తిని, పత్తి లారీల మధ్య నుంచి నడుచుకుంటూ సుధీర్ సారు మెట్లెక్కేది.

సంఘంలో బట్ట తీసుకునే తీరు ఒకటుంది. అది తెలియకపోతే ఈ కథ తెలియదు. నేతగాడు మూట తెచ్చి బల్ల మీద పెడతాడు. ఎన్ని తాన్ల బట్ట తెచ్చావని ఎవరూ అడగరు, అతనూ చెప్పడు. విప్పని మూటకు లెక్క చెబితే మగ్గానికి కీడని పాతవాళ్ళ నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆ మూటలో అతనివి ఉంటాయి, తమ్ముడివి ఉంటాయి, పక్కింటి ముసలమ్మవి రెండుంటాయి, ఎన్నున్నాయో చాలాసార్లు అతనికే తెలియదు. కమలమ్మ ఒక్కో తాను తీసి, మీటరు కట్టెతో కొలిచి, పైకి చదివి, రాస్తుంది. చిల్లి పడ్డదో, రంగు దిగిందో వస్తే బాగుచేసి తెమ్మని వెనక్కి ఇచ్చేస్తుంది గానీ, పుస్తకంలో దాని వరసలో సున్నా వేస్తుంది. కొలతకు నిలవలేదు, కానీ బట్ట వచ్చింది, మనిషి నేశాడు అని ఆ సున్నాకు అర్థం. అన్నీ అయ్యాక నేతగాడు ఖాళీ మూటగుడ్డను రెండు చేతులా పట్టుకొని అందరి ముందూ దులుపుతాడు. అప్పుడు ఆవిడ కింద గీత గీస్తుంది. గుడ్డ దులిపేదాకా లెక్క ముగిసినట్టు కాదు.

ఇక సుధీర్ సారు చదువు. మౌస్ పట్టుకోవడం, టైపింగ్ అయిపోయి ప్రోగ్రాం రాసే పాఠం వచ్చింది. మొదటి రోజు ఆయన నల్లబల్ల మీద ఒక ప్రోగ్రాం రాశాడు. అది ఐదు అంకెలు అడుగుతుంది, ఐదూ ఇచ్చాక కూడి మొత్తం చెబుతుంది.

“ఆరోది వస్తే ఎట్ల సార్?” అని అడిగింది కమలమ్మ.

“రాదు ఆంటీ. ప్రోగ్రాం ఐదే అడుగుతుంది.”

“ప్రోగ్రాం అడగదులే సార్. మనిషి తెస్తే?”

“ఐదే తెమ్మని చెప్పండి.”

పిల్లలు పకపకా నవ్వారు. అంటే ఇకమీదట ఎమ్మిగనూరు నేతగాళ్ళు సుధీర్ సారు ప్రోగ్రాంకు సరిపడా నేయాలన్నమాట. చెప్పేవాడికి వినేవాడు లోకువ, ఏం చేస్తాం!

మర్నాడు ఆయన దాన్ని దిద్దుకొచ్చాడు. ఈసారి ప్రోగ్రాం ముందుగా ‘ఎన్ని అంకెలు?’ అని అడుగుతుంది. ఏడు అంటే ఏడు తీసుకుంటుంది, డెబ్భై అంటే డెబ్భై తీసుకుంటుంది.

“ఇప్పుడు మీ ఆరోదీ వస్తుంది, అరవయ్యోదీ వస్తుంది. తృప్తేనా ఆంటీ?”

“మూట ఇప్పకముందే ఎన్నని ఎట్ల సెప్తారు సార్? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.”

ఈసారి పిల్లలు సారును చూసి నవ్వారు. సుధీర్ ముఖం కందిపోయింది. తనకు కాకుండా ఇంకొకరికి నవ్వు దక్కితే తట్టుకోలేని జాతి మనిషి. వారం పాటు ఆయన కమలమ్మ వైపు చూడకుండానే పాఠం చెప్పాడు.

ఆ వారం తర్వాత, కొత్త దేశం కనిపెట్టినవాడిలా వచ్చి మూడో పద్ధతి చెప్పాడు. ఎన్నైనా ఇవ్వొచ్చు, ముందుగా లెక్క చెప్పక్కర్లేదు. అయిపోయాక సున్నా కొట్టాలి. సున్నా కనబడగానే ప్రోగ్రాం ఆగి మొత్తం చెప్పేస్తుంది. నిజం చెప్పాలంటే కమలమ్మకు అది మొదట నచ్చింది. మూటగుడ్డ దులిపినట్టే ఉందే అనుకుంది. అంతలోనే చేతిలో పెన్ను ఆగిపోయింది.

“సార్, మా కాడ సున్నా కూడా ఒక లెక్కే. చెడిపోయిన తానుకు సున్నా ఏస్తాం. మూటలో మూడోది చెడిపోయి ఉంటే, మిగిలినయ్యి తీయకముందే ఇది ఆగిపోదా?”

సుధీర్ చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకొని, బోర్డు మీది ఫొటోలో నవ్వినట్టే నవ్వాడు.

“సున్నా అంటే ఏమీ లేదని అర్థం ఆంటీ. ఏమీ లేనిదాన్ని ఎవరన్నా రాస్తారా?”

“మా కాడ రాస్తాం సార్.”

“మీ కాడ రాసుకోండి. ఇది కంప్యూటర్.”

ఆ సాయంత్రం బస్సులో కమలమ్మ దారంతా అదే ఆలోచించింది. ఆవిడకు పొగరుంది, దాచేదేముంది. తుంగభద్రకు ఇవతల తనకంటే బట్ట తెలిసినవాళ్ళు లేరనుకునే మనిషి. ఆ పొగరే ఇప్పుడు పనికొచ్చింది. లెక్క ముగిసిందనడానికి గుర్తు, ఏ తానుకూ రాని గుర్తు అయి ఉండాలి. పదో, పదకొండో, సున్నానో అయితే అది ఏదో ఒక తానుదే అవుతుంది. సంఘంలో ముగింపు అంకె కాదు గదా, ఖాళీ గుడ్డ. అయితే ఇక్కడా ఏమీ టైపు చేయకుండా ఉత్త ఎంటర్ కొడితే?

పొద్దున్నే వెళ్ళి అలాగే చేసింది. తెర నిండా ఎర్రక్షరాలు వచ్చాయి. ఖాళీని తీసుకెళ్ళి అంకెగా మార్చమంటే ఆ యంత్రానికి దిక్కు తోచక గోల పెట్టింది.

“మిషన్ పాడు చేస్తారా ఏంది ఆంటీ? చెప్పింది చేయండి చాలు,” అన్నాడు సుధీర్ కుర్చీలోంచి లేవకుండానే.

నాలుగు రోజులు ఎర్రక్షరాలే. ఐదో రోజు ఆవిడ తన చేతులు ఏం చేస్తాయో తనే గమనించుకుంది. మూటలో చెయ్యి పెట్టగానే కొలవదు గదా. ముందు ఏదైనా తగిలిందా లేదా చూసుకుంటుంది. తగిలితేనే బయటికి తీసి కట్టె పెడుతుంది. ప్రోగ్రాంలో తను దాన్ని తలకిందులు చేసింది, ముందు కొలిచి తర్వాత చూస్తోంది. రెండు వరసలను అటుదిటు మార్చింది. వచ్చింది ఖాళీయా అని ముందు చూడు, ఖాళీ అయితే ఆపు, కాకపోతేనే అంకెగా మార్చు. పది, సున్నా, తొమ్మిదిన్నర కొట్టి, ఉత్త ఎంటర్ కొట్టింది. మొత్తం పందొమ్మిదిన్నర, తాన్లు మూడు అని వచ్చింది. సున్నాతో కలిపి మూడు! ఆవిడకు ఒళ్ళు పులకరించింది. చుట్టూ చూస్తే చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఆ తొమ్మిది పంక్తులనూ నోటుపుస్తకంలో గుండ్రంగా రాసుకుని, కింద గీత గీసింది.

మూడు నెలలు నిండాయి. పరీక్షలో ఒకటే ప్రశ్న: సున్నా ఇచ్చేవరకు అంకెలు తీసుకొని మొత్తం చెప్పే ప్రోగ్రాం రాయుము. కమలమ్మకు అది రాయడం వచ్చు. నిద్రలో లేపినా రాస్తుంది. కానీ పెన్ను పెట్టగానే చెయ్యి రాలేదు. మూటలో బట్ట ఉండగానే కింద గీత గీసినట్టనిపించింది. తన తొమ్మిది పంక్తులే రాసి ఇచ్చి వచ్చింది. మొండితనమంటే మొండితనమే, పోయేది కుర్చీ అని తెలిసి కూడా చేసింది.

సుధీర్ ఆ ప్రోగ్రాంను నడిపి చూడలేదు. చూసి ఉంటే సారు ఎందుకవుతాడు? మార్కుల కాగితంలో ఎర్ర సిరాతో ఇంత లావు సున్నా వేసి, దాని చుట్టూ ఇంకో గీత కూడా గీశాడు.

“ప్రశ్నలో సున్నా వాడమన్నా. మీరు వాడలేదు. అందుకే మీకు వేసినా,” అని తన హాస్యానికి తనే మురిసిపోయాడు.

తిరుగు బస్సులో కమలమ్మ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. అతని మీద కోపం కంటే తన మీద తనకే ఎక్కువ కోపం వచ్చింది. ఒక్క పూట తల వంచి ఉంటే ఏం పోయేది?

గోవిందయ్య ఆ కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

“సున్నానా కమలమ్మా? మా దినేష్‌కు అదే సారు తొంభై రెండు ఏసినాడే!”

దినేష్ కూడా అక్కడే చేరి, ఆ మూడు నెలల్లో ఎనిమిది రోజులు వెళ్ళాడు. ఆ ఎనిమిది రోజులూ కింద కొట్టులో సుధీర్ నాన్నగారితో కబుర్లు చెప్పాడు. అయినా కాగితం కాగితమే. సోమవారం నుంచి కుర్చీ దినేష్‌ది. పైగా సుధీర్ సారే స్వయంగా వచ్చి, తాను రాసిన ప్రోగ్రాంను సంఘం కంప్యూటర్లో పెట్టి పోతాడట. కమలమ్మ కొలిచి చెబితే చాలు, ఆ తర్వాత మడతలకు వెళ్ళిపోవచ్చు.

సోమవారం పొద్దున కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, టెంకాయ కొట్టారు. సుధీర్ కళ్ళద్దాలు తలపైకి తోసుకొని వచ్చి, పూజలు అందుకుంటున్నది తానేనన్నట్టు పక్కన నిలబడ్డాడు. దినేష్ కుర్చీలో కూర్చున్నాడు. మూటలు పట్టుకొని పదిమంది నేతగాళ్ళు వరసలో నిలబడ్డారు. ముందున్నది ఉచ్చీరప్ప. నలభై ఏళ్ళుగా మగ్గం మీదున్న మనిషి, మాట తక్కువ.

కమలమ్మ మొదటి తాను తీసి కొలిచింది. “పది.” దినేష్ కొట్టాడు. రెండోది తీసింది. “పదకొండున్నర.” కొట్టాడు. మూడోది విప్పేసరికి అంచు రంగు బట్టలోకి దిగి కనబడింది. ఉచ్చీరప్ప తల వంచుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఎలా అంటోందో అలాగే అంది కమలమ్మ, “సున్నా.”

దినేష్ కొట్టాడు. తెర మీద అక్షరాలు మెరిశాయి: మొత్తం తాన్లు రెండు, ధన్యవాదాలు. సుధీర్ చప్పట్లు కొట్టాడు. గోవిందయ్య కూడా కొట్టాడు. ఉచ్చీరప్ప మూటలో చెయ్యి పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు తాన్లు బయటికి తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇవి యాడికి పోవల్లప్పా? గుడ్డ ఇంకా దులపనే లేదు గదా!”

చప్పట్లు ఆగాయి. సుధీర్ వచ్చి తెర చూశాడు.

“సున్నా ఎందుకు కొట్టినావు?”

“అక్క సెప్పింది, నేను కొట్టినా,” అన్నాడు దినేష్. బతుకులో మొదటిసారి వాడి తప్పు లేదు.

“ఇది యూజర్ మిస్టేక్,” అని గోవిందయ్య వైపు తిరిగాడు సుధీర్. ఆడలేక మద్దెల ఓడు! “ప్రోగ్రాం కరెక్టే. చెడిపోయినదానికి సున్నా బదులు పాయింట్ ఒకటి అని వేయండి, సరిపోతుంది.”

“పాయింట్ ఒకటి అంటే ఎంత?” అని అడిగాడు ఉచ్చీరప్ప.

“మీటరులో పదో వంతు.”

“అంటే బెత్తెడు. పది మీటర్ల తాను నేసి తెస్తే బెత్తెడని రాస్తావా? రేపు ఎవరన్నా సూస్తే ఉచ్చీరప్ప బెత్తెడు బట్ట నేసినాడని నవ్వరా?”

“అయితే చెడిపోయినవి రాయడం మానేయండి. ఏమవుతుంది?”

ఉచ్చీరప్ప మాట తక్కువ మనిషి అని చెప్పాను గదా. ఆ రోజు మాత్రం గొంతు పెంచాడు.

“నేసింది రాయకపోతే, పది దినాలు నేను ఏం సేసినట్టు సార్? నిద్రపోయినట్టా?”

వెనక వరసలో గొణుగుడు మొదలైంది. గోవిందయ్య సుధీర్ వైపు చూశాడు, సుధీర్ ఫోన్ వైపు చూశాడు, దినేష్ బయటికి దారి వైపు చూశాడు. చూసుకోవడం తప్ప ముగ్గురి వల్లా ఏమీ కాలేదు.

“లెయ్ నాయనా,” అంది కమలమ్మ.

దినేష్ ఇంకో మాట చెప్పించుకోకుండా లేచాడు. ఆవిడ కుర్చీలో కూర్చొని, చీర కొంగుతో కీబోర్డు మీది కుంకుమ తుడిచి, నోటుపుస్తకం తెరిచి, రెండు వేళ్ళతో తొమ్మిది పంక్తులూ కొట్టింది. చాలాసేపు పట్టింది. ఎవరూ కదల్లేదు. సుధీర్ మధ్యలో ఏదో అనబోతే ఉచ్చీరప్ప, “ఉండు సార్,” అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ మొదటి తాను నుంచి కొట్టుకుంటూ వచ్చింది. పది. పదకొండున్నర. సున్నా. తెర ఆగలేదు, ఇంకోటి ఇమ్మని వేచి ఉంది. మిగతా నాలుగూ కొలిచి ఇచ్చింది. ఇంకా వేచి ఉంది.

“దులుపప్పా,” అంది.

ఉచ్చీరప్ప మూటగుడ్డను రెండు చేతులా పట్టుకొని దులిపాడు. నూలు దుమ్ము సుధీర్ కళ్ళద్దాల మీద పడింది. కమలమ్మ ఏమీ టైపు చేయకుండా ఎంటర్ నొక్కింది. తాన్లు ఏడు, మీటర్లు అరవై రెండు.

“ఏడే తెచ్చినా,” అన్నాడు ఉచ్చీరప్ప అప్పుడు. గుడ్డ దులిపాడు కాబట్టి ఇక చెప్పొచ్చు.

గోవిందయ్య గొంతు సవరించుకొని, దినేష్‌ను గోడౌన్లో ఏం పనుందో చూసి రమ్మని పంపాడు. మనుషులు కాస్త పలచబడ్డాక సుధీర్ బల్ల దగ్గరికి జరిగాడు. గొంతులో ఎన్నడూ లేని తేనె.

“కమలమ్మగారూ, ఆ మార్కుల కాగితం ఒకసారి ఇట్లివ్వండి. ఏదో పొరపాటున పడింది. తొంభై ఐదు వేసి కొత్తది ఇస్తాను. ఈ ప్రోగ్రాం మా ఇన్‌స్టిట్యూట్‌లో రాసిందేనని సెక్రటరీగారికి ఒక్క మాట చెప్తే...”

ఆంటీ పోయి గారు వచ్చింది. కమలమ్మ సంచిలోంచి కాగితం తీసి, మడత విప్పి, అతని ముఖం ముందు పట్టుకుంది.

“సున్నా అంటే ఏమీ లేదంటిరి గదా సార్. ఏమీ లేనిదాన్ని ఎవరన్నా రాస్తారా అని అందరి ముందూ నవ్వితిరి. మరి దీన్ని ఇంత లావు రాసి, సుట్టూ గీత కూడా ఎందుకు గీస్తిరి?”

కాగితం కోసం చాచిన చెయ్యిని సుధీర్ వెనక్కి తీసుకున్నాడు.

“సర్టిఫికెట్ మంచిది ఉంటే ఫైల్లో పెట్టుకోవచ్చు గదమ్మా,” అని గోవిందయ్య సన్నగా అన్నాడు.

“ఇదే పెట్టుకో అప్పా. మూడు నెలలు పోయినా, నేర్చుకొని వచ్చినా అని దీంట్లోనే ఉంది. మా కాడ సున్నా అంటే అదే గదా.”

ఆవిడ లేచి, బల్ల వెనక గోడకు క్యాలెండర్ తగిలించిన మేకుకే ఆ కాగితాన్ని గుచ్చింది. ఎర్ర సున్నా వాకిట్లోంచి కూడా కనబడుతోంది. సుధీర్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తర్వాతి మూట బల్ల మీదికి వచ్చింది. అందులో ఎన్ని ఉన్నాయని కమలమ్మ అడగలేదు.